డిస్కు మొరాయిస్తే... పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కావలిలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్న డెస్క్‌టాప్‌కు 2 టీబీ హార్డ్ డిస్కును బయటి పెట్టెలో బిగించి యూఎస్‌బీతో కలిపాను. పెళ్లి ఫోటోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. లాగ్‌లో ‘యూఏఎస్’, ‘అబార్ట్’ అంటూ వరుసగా పడుతున్నాయి. మా బావమరిది విండోస్ లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది. డిస్కు మార్చేయాలా?

జవాబు: అప్పుడే వద్దండీ. ముందు ఆ పెళ్లివారి ఫోటోలకు ఇంకోచోట నకలు ఉందా? లేకపోతే ఈ జవాబు పక్కనపెట్టి ఆ పని చూడండి. తర్వాత కేబులును క్యాబినెట్ ముందు పోర్టు నుంచి తీసి వెనక పోర్టుకు పెట్టండి. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. 197వ నంబరు వరుస (చదవలేక పెండింగులో ఉన్న సెక్టార్ల లెక్క) చివర ఉన్న సంఖ్య సున్నా కాకపోతే జబ్బు డిస్కుదే, కింది వైద్యం దానికి పనిచేయదు.

సున్నా ఉంటే నా అనుమానం పెట్టెలోని చిప్పు మీద. యూఏఎస్ అంటే యూఎస్‌బీ డిస్కుతో మాట్లాడే కొత్త పద్ధతి. అందులో కంప్యూటర్ ఒక ఆదేశం పూర్తికాకముందే మరికొన్ని పంపుతుంది. కొన్ని చిప్పులు ఆ రద్దీకి తడబడతాయి. పాత పద్ధతిలో ఒకటి ముగిశాకే మరొకటి. విండోస్‌లోనూ 8 నుంచి యూఏఎస్ ఉంది, కానీ రెండింటి డ్రైవర్లు వేరు. కాబట్టి మీ బావమరిది లాప్‌టాప్ ఇచ్చిన సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. ఇలాంటి తిక్క పరికరాల చిట్టా ఉబుంటుకు గుండెలాంటి లినక్స్ కెర్నెల్‌లోనే ఒకటి ఉంది. అందులో మీ పెట్టె లేనట్టుంది, మనమే చేర్చాలి.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొట్టండి. పెట్టె పేరు పక్కన నాలుగు అక్షరాలు, కోలన్, మరో నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది పరికరానిది. మధ్య కోలన్‌తో సహా ఈ రెండూ కలిపి మీ నంబరు. ఇప్పుడు ఈటీసీ, డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైలు (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు ఉండేది) తెరిచి, ‘క్వైట్ స్ప్లాష్’ తర్వాత ఒక ఖాళీ వదిలి, కొటేషన్ గుర్తు మూసేలోపే ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి: యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్, సమానం గుర్తు, మీ నంబరు, మళ్లీ కోలన్, చిన్న ‘యు’. ఆ ‘యు’ లేకపోతే రాసినదంతా వృథా. అప్‌డేట్-గ్రబ్ నడిపి రీబూట్ చేయండి. ఎల్ఎస్‌యూఎస్‌బీకి ‘మైనస్ టి’ చేర్చి కొడితే డ్రైవర్ పేరు యూఏఎస్ బదులు యూఎస్‌బీ-స్టోరేజ్ అని రావాలి.

వేగం తగ్గదా అంటే, ఎస్‌ఎస్‌డీ అయితే తెలిసేంత తగ్గుతుంది. తిరిగే డిస్కులో పెద్ద ఫోటో ఫైళ్లకు పెద్దగా తేడా ఉండదు. ఇదే నంబరున్న మరో పెట్టె తగిలించినా నియమం దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు. లినక్స్ కంప్యూటర్‌లో సాటా ఎస్‌ఎస్‌డీ అప్పుడప్పుడు అర నిమిషం బిగుసుకుపోతోంది. ఎన్‌సీక్యూ (డిస్కుకు ఒకేసారి పలు ఆదేశాలు వరస కట్టించే పద్ధతి) ఆపేయమని ఒకరు చెప్పారు. ఆపేయాలా?

జవాబు: ముందే ఆపకండి. స్మార్ట్‌సీటీఎల్‌లో 199వ నంబరు (కేబులు మీద డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) ఉంటే దాని చివరి సంఖ్య ఇవాళ రాసిపెట్టుకుని, వారం తర్వాత మళ్లీ చూడండి. పెరిగితే మొదట సాటా కేబులు మార్చండి, ఖర్చు స్వల్పం. పెరగకుండానే బిగుసుకుంటుంటే అప్పుడు పైన చెప్పిన గ్రబ్ ఫైలులోనే లిబ్‌ఏటీఏ.ఫోర్స్ అనే పారామీటర్‌తో నోఎన్‌సీక్యూ పెట్టి చూడవచ్చు. అయితే పోర్టు నంబరు తప్పనిసరిగా రాయండి. లాగ్‌లో డిస్కు ఏటీఏ3 అని ఉంటే 3.00 అని రాసి, కోలన్ పెట్టి, ఆ మాట. నంబరు వదిలేస్తే కంప్యూటర్‌లోని సాటా డిస్కులన్నిటికీ 32 ఆదేశాల వరస పోతుంది. రేపు కేబులును వేరే సాకెట్‌లోకి మారిస్తే ఈ నంబరూ మార్చాలి.