ఆ పత్రిక మీద మీ అమ్మ పేరు వెయ్యకు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసిందిరా. నువ్వు ఇన్నాళ్ళూ నెట్‌లో రాస్తున్నదాన్ని ఇప్పుడు అచ్చు వేయించి, ఢిల్లీలో రిజిస్టర్ చేయించి, సొంత నంబరుతో మాసపత్రికగా తెద్దామనుకుంటున్నావని చెప్పింది. ఎంత సంతోషమేసిందో. బెంగళూరులో పుట్టి కన్నడం, ఇంగ్లీషు చదువుకున్న పిల్లాడు, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు, ఇవాళ కె.ఆర్.పురం, మారతహళ్ళి వైపు ఉండే మనవాళ్ళ కోసం చెరువుల గురించీ ట్యాంకర్ నీళ్ళ రేట్ల గురించీ తెలుగులో రాస్తున్నాడంటే నాకు గర్వంగా ఉండదా. బెళ్ళందూరు చెరువు నురగ మీద నువ్వు రాసింది కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని చదివాను, ఇప్పటికీ నా దిండు పక్కనే ఉంది.

అంతా చెప్పి చివర్లో ఇంకో మాట అంది మీ అమ్మ. "వాడి కంపెనీలో బయటి పనులు ఒప్పుకోరంట వదినా, అందుకని ఓనరుగా, పబ్లిషరుగా నా పేరే పెడతానన్నాడు, సంతకమేగా" అని. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. మిగతా ఏ పొరపాటు చేసినా సర్దుకోవచ్చు, ఇది మాత్రం చెయ్యొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, ముందు చిన్నచిన్నవి చెప్పేస్తాను.

నంబరుంటే ఆఫీసుల్లో విలువిస్తారని కదా నీ ఆశ. వార్డు ఇంజనీరు "మీది ఏ పేపరు" అని అడిగి ఫోన్ పెట్టేశాడంటగా, బాధేస్తుంది, కాదనను. కానీ ఇది తెలుసుకో, 2023లో పాసయిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్నది, అది అచ్చయ్యే పత్రికలకే. నెట్‌లో మాత్రమే ఉండేదానికి ఆ సర్టిఫికెట్ రాదు. నెట్ వార్తలకి 2021 ఐటీ రూల్స్ వేరే ఉన్నాయి, మొదలుపెట్టిన 30 రోజుల్లోపు సమాచార ప్రసార శాఖకి నీ వివరాలు పంపాలి, అంతే, అది మనం వివరాలు ఇచ్చుకోవడమేగానీ వాళ్ళు మనకి గుర్తింపు ఇచ్చినట్టు కాదు. ఆ కాగితం పట్టుకుని "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని పైన వేసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు అలాంటి పని చేస్తే నేను చదవను, ముందే చెప్తున్నా. ఐఎస్ఎస్ఎన్ అని ఎనిమిదంకెల నంబరు ఒకటుంది, అది లైబ్రరీలవాళ్ళు ఏ పత్రిక ఏదో గుర్తుపట్టుకోడానికి, మన దగ్గర ఉచితంగానే ఇస్తారు, తీసుకో, కాకపోతే దానికీ ఈ చట్టానికీ సంబంధం లేదు. ప్రెస్ కార్డు కూడా ఈ రిజిస్ట్రేషన్‌తో వచ్చేది కాదు, ఇప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్ళు తగుల్తారు, దగ్గరికి రానీకు.

అప్లికేషన్ ఇప్పుడు సులువేనంట. ప్రెస్ సేవా పోర్టల్ అని ప్రభుత్వంవాళ్ళ వెబ్‌సైట్ ఉంది, అందులో టైటిలూ రిజిస్ట్రేషనూ ఒకేసారి అడగొచ్చు, మీ జిల్లా అధికారికి కూడా అదే అప్లికేషన్ వెళ్తుంది, అభ్యంతరాలుంటే ఆయన 60 రోజుల్లో చెప్పాలి. మా రోజుల్లో 1867 నాటి బ్రిటీషు చట్టం నడిచేది, టైటిల్ కోసం ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చేదాకా కూర్చోవాలి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబడి ఈ పత్రికకి ప్రింటరు, పబ్లిషరు నేనే అని డిక్లరేషన్ ఇవ్వాలి, ఆ తర్వాత మొదటి సంచిక మళ్ళీ ఢిల్లీకి పంపాలి. ఇక పేరు విషయం, నువ్వు అనుకున్న పేరు తెలుగులో దేశంలో ఇంకెక్కడా ఎవరికీ ఉండకూడదు, కర్ణాటకలో ఏ భాషలోనూ ఉండకూడదు. అంటే కన్నడంలో అదే పేరుతో ఎక్కడో తుమకూరులో ఒక వారపత్రిక ఉన్నా నీకు రాదు. కాస్త అటూ ఇటూ మార్చి పోలికగా పెట్టినా కుదరదు. సంస్కృతం పేర్లు రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి అవి ముందే అయిపోయి ఉంటాయి, అచ్చ తెలుగు మాటలు వెతుక్కో.

డబ్బు గురించి ఒక్క మాట. ఉద్యోగం మానేసి పత్రిక మీద బతుకుదాం అనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే తీసెయ్యి. ఈ ఊళ్ళో తెలుగు పత్రికలు వెలిగిన రోజులున్నాయిరా, 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి ఇక్కడికొచ్చి దినపత్రిక అయింది, 1924లో భారతి వచ్చింది, 1928లో గృహలక్ష్మి, 1938లో ఆంధ్రప్రభ, 1947 జూలైలో చందమామ, అన్నీ మద్రాసులోనే. ఆంధ్రపత్రిక పెట్టిన నాగేశ్వరరావు పంతులుగారంతటి ఆయనకి కూడా వెనకాల అమృతాంజనం వ్యాపారం ఉంది కాబట్టి పత్రిక నిలిచింది. నీకు నీ జీతమే అమృతాంజనం.

సరే, ఇప్పుడు అసలు సంగతి. మీ మామయ్య ఎందుకు రాయడం మానేశాడని చిన్నప్పుడు నన్ను అడిగేవాడివి గుర్తుందా, పెద్దయ్యాక చెప్తాలే అని దాటేసేదాన్ని. ఇప్పుడు చెప్తున్నా విను.

మామయ్యకి ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడు, పేరు వద్దు, పిల్లలున్నారు ఆయనకి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. వాళ్ళ సర్వీసు రూల్సు 1964వి, అనుమతి లేకుండా పత్రిక పెట్టకూడదు, నడపకూడదు, అందులో చెయ్యి కూడా పెట్టకూడదు. ఆయనకేమో పత్రిక పిచ్చి. అనుమతి అడిగితే ఎక్కడ కాదంటారో అని అడగలేదు. మామయ్య దగ్గరికొచ్చి "పేరు నీది, పని నాది, నువ్వు ఒక్క సంతకం పెడితే చాలు" అన్నాడు. మామయ్య సంగతి నీకు తెలుసుగా, అడిగినవాళ్ళకి లేదనడం రాదు. ఎగ్మోర్ కోర్టుకెళ్ళి డిక్లరేషన్ మీద సంతకం పెట్టొచ్చాడు, ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు మూడూ ఆయనే. వచ్చేటప్పుడు మల్లెపూలు, మైసూర్‌పాక్ తెచ్చాడు. నేను అప్పటికి ట్రిప్లికేన్లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నా, పత్రిక అచ్చయ్యేదీ అక్కడే. ఆఖరి పేజీ అడుగున చిన్న టైపులో ఒక లైను ఉంటుంది చూడు, సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త ఫలానా, అడ్రసు ఫలానా అని, ఆ లైను ఉన్న మొదటి ప్రూఫు నా చేతికే వచ్చింది. ఇంటిపేరులో ఒక ఒత్తు పడలేదు. ఎర్రసిరాతో దిద్ది పక్కన ఒత్తు రాసి పంపాను, రెండో ప్రూఫులో సరిగ్గా పడింది. ఎంత మురిసిపోయానో ఆ పేరు అచ్చులో చూసుకుని.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. మామయ్య అందులో కథలు చూసేవాడు, మిగతాది చదివేవాడు కూడా కాదు, అది స్నేహితుడి పని కదా అని. అట్లాంటప్పుడు ఒక సంచికలో ఒక కాంట్రాక్టరు గురించి, అతను ఎవరెవరికి ఎంతెంత ఇచ్చాడో అంకెలతో సహా వచ్చింది. చేతిలో ఒక్క కాగితం లేదు, ఎవరో కాఫీ హోటల్లో చెప్పారంట, ఆ మనిషిని పిలిచి నువ్వేమంటావయ్యా అని అడిగిన పాపాన కూడా పోలేదు. పది రోజులు తిరక్కుండా రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు, తర్వాత కోర్టు సమను. ఎవరి పేరు మీద? ఆఖరి పేజీ అడుగున ఉన్న పేరు మీద. ఆ పాత 1867 చట్టంలో ఉండేదిరా, డిక్లరేషన్ మీద సంతకం ఉంటే చాలు, కాదని నువ్వు నిరూపించుకునేదాకా పబ్లిషరువి నువ్వే. రాసింది నేను కాదండీ, నేను చూడను కూడా చూడలేదండీ అంటే, మరి ఎడిటరువి నువ్వే కదయ్యా అంటారు.

స్నేహితుడు మొదట్లో లాయరు దగ్గరికి కూడా వచ్చాడు. తర్వాత ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడి కనపడ్డం మానేశాడు. ఆయన్ని నేను తిట్టను, ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు, కానీ వాయిదాకి వాయిదాకి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని ఒక్కడే వెళ్ళే మీ మామయ్యని గుమ్మంలో నిలబడి చూసిందాన్ని నేను. ఏళ్ళు నడిచింది ఆ కేసు. నా గాజులు కుదవకెళ్ళాయి, అది పెద్ద విషయం కాదులే, తర్వాత విడిపించుకున్నాం. చివరికి క్షమాపణ అచ్చు వేసి రాజీ పడ్డారు. ఆ క్షమాపణ కూడా తన పేరు మీదే, తాను రాయని మాటకి. అప్పటికే పత్రిక ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఒక్క కథ రాయలేదు. ఏ పత్రిక చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి ఆ ఆఖరి లైను చదివి, అప్పుడు మొదటి పేజీ తెరిచేవాడు, పోయేదాకా అదే అలవాటు.

ఇప్పుడు చెప్పు, ఆ లైనులో మీ అమ్మ పేరు వేస్తావా? ట్యాంకర్లవాళ్ళ మీద, బిల్డర్ల మీద రాసే పత్రికకి? ఆవిడకి బీపీ ఉంది, పోస్ట్‌మాన్ కవరు తెస్తేనే ఎవరికేమయిందో అని కంగారు పడే మనిషి. పాత చట్టం పోయింది కదా అత్తయ్యా అంటావేమో, చట్టం మారినా పత్రిక మీద పబ్లిషరుగా పేరున్నవాళ్ళకే ముందు నోటీసు వస్తుంది. పరువునష్టం ఇప్పటికీ నేరమే, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా జైలు రాసి ఉంది. నువ్వు రాత్రంతా కూర్చుని రాసిన మాటకి ఆవిడ కోర్టు మెట్లెక్కాలా?

కాబట్టి ఇలా చెయ్యి. రేపే నీ అపాయింట్‌మెంట్ లెటరు తీసి బయటి పనుల గురించి ఏం రాశారో పూర్తిగా చదువు, స్నేహితులు చెప్పింది వినకు. చదివి కంపెనీకి మెయిల్ రాసి అడుగు, ఇలా నెలకో పత్రిక, ఆఫీసు టైములో కాదు, ఆఫీసు విషయాలు కాదు, లాభం కోసం కాదు అని. ఒప్పుకుంటే ఆ మెయిల్ ప్రింటు తీసి దాచుకో, నీ పేరుతోనే అప్లై చెయ్యి. ఒప్పుకోకపోతే ఆగు. నెట్‌లో రాయడానికి కూడా అదే క్లాజు అడ్డొస్తుందేమో అడిగి తెలుసుకో, నాకు ఆ భయం కూడా ఉంది. కోపం తెచ్చుకోకు కన్నా, నువ్వు మంచి పనే చేస్తున్నావు, కానీ దొంగచాటుగా చేసేవాడివి ఇంజనీరుని నిలదీసి ఎలా అడుగుతావు? నువ్వెవరు అని ఆయన అడిగితే నా పేరు ఇది, నా అడ్రసు ఇది, ఆఖరి పేజీలో ఉంది చూసుకోండి అనగలగాలి. నువ్వు కోరుకునే విలువ నాకు తెలిసి అక్కడే ఉంది.

ఇంకొకటి, ఎవరి మీద రాసినా అచ్చుకి పంపేముందు వాళ్ళకి ఫోన్ చేసి వాళ్ళ మాట కూడా అడుగు, ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, ఆ మెసేజ్ ఉంచుకో. నువ్వు తప్పు రాస్తే తర్వాతి సంచికలో అదే పేజీలో సవరణ వెయ్యి, ఎక్కడో మూల కాదు. నెల తప్పకుండా తే, పలచగా ఉన్నా పర్లేదు.

మీ అమ్మతో పొద్దున్నే మాట్లాడాను, వాడు నా ఉత్తరం చదివేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దన్నాను, సరేనంది. నువ్వు పేర్లు ఒకటి కాదు, నాలుగైదు అనుకుని నాకు పంపు, పోర్టల్లో నువ్వు వెతుకు, నాకు తెలిసిన పాతవాటిలో ఉన్నాయేమో నేను చూస్తా. మొదటి సంచిక ప్రూఫు మాత్రం ఫోన్లో పంపకు, నా కళ్ళు ఆనట్లేదు, కాగితం మీద తీసి కొరియర్ చెయ్యి, మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, దిద్దడానికి చోటుండాలి.

మీ అత్తయ్య
చెన్నై