‘వద్దు’ అని మాత్రం రాయకు

చిరంజీవి మేనల్లుడికి, రాయగడ నుంచి మామయ్య ఆశీస్సులు.

ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ తగ్గించాలనే రూల్స్ వద్దంటూ కలెక్టరుకి అర్జీ రాసే పని గుణుపురం వ్యాపారులు నీ నెత్తిన పెట్టారని అక్క చెప్పింది. రాయి. కానీ ముందు ఆ రూల్స్ ఎవరికో చూడు. 2023లో కేంద్రం తెచ్చిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం టార్గెట్లు పెట్టింది అల్యూమినియం, సిమెంట్, పేపర్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలకి. మీ రైస్ మిల్లుల జోలికి రాలేదు. ఊకతో బాయిలర్ నడిపేవాళ్లకి అసలు టెన్షన్ దేనికి?

‘ఉత్పత్తి తగ్గించమంటున్నారు’ అని మీటింగుల్లో ఒకటే గోల. అది తప్పు. మన దగ్గర లెక్క టన్ను సరుకుకి ఎంత కార్బన్ వదిలామన్నదే. సరుకు ఎంతైనా పెంచుకో. ‘అమెరికా వాడు ఇన్నేళ్లు బొగ్గు, చమురు కాల్చాడు, శిక్ష మనకా?’ అన్నదాంట్లో న్యాయం ఉంది, కాదనను. కానీ అది ఢిల్లీ వాళ్లు విదేశాల్లో చెయ్యాల్సిన వాదన. దాంతో మన కలెక్టరు గారు ఏం చేసుకుంటారు?

2012లో కరెంటు, బొగ్గు పొదుపు చెయ్యమని ‘పాట్’ పథకం వచ్చినప్పుడు మా పేపర్ మిల్లులోనూ ఇదే ఏడుపు. తీరా స్టీమ్ లైన్ల వెంట నడిచి చూస్తే వాల్వుల దగ్గర ఆవిరి బుసలు కొడుతోంది, పైపుల మీద ఇన్సులేషన్ ఊడి వేలాడుతోంది. అవి బాగుచేయిస్తే బొగ్గు మిగిలింది. రూలు లేకపోయినా చెయ్యాల్సిన పనే అది.

అలాగని వ్యాపారుల అనుమానాలన్నీ ఉత్తివి కావు. ఆ పాట్‌లోనే పొదుపు చేసినవాళ్లకి ఇచ్చిన సర్టిఫికెట్లు మార్కెట్లో ఎక్కువైపోయి ధర చతికిలపడింది. టార్గెట్ అందుకోలేక వాటిని కొనాల్సినవాళ్లు కొందరు కొననేలేదు. ఖర్చు పెట్టినవాడే వెర్రివాడయ్యాడు. ఇది మాత్రం గట్టిగా రాయి: రూలు పెడితే అందరిచేతా పాటింపజెయ్యండి, మధ్యలో మార్చకండి అని.

స్టీలులో కలిపే ఫెర్రో క్రోమ్ తయారుచేసేవాళ్లు సంతకం పెట్టేముందు ఒకమాట చెప్పు. 2026 జనవరి నుంచి యూరప్‌లో ఆ సరుకు దిగితే దాని కార్బన్‌కి అక్కడ లెక్కకట్టి వసూలు చేస్తారు. ఇక్కడ కార్బన్ ధర కట్టి ఉంటే అంత మినహాయిస్తారు. ఆ డబ్బు పరాయివాడి ఖజానాకి పోయే బదులు మన దేశంలోనే ఉంటే మంచిది కదా.

మీ చిన్న మిల్లుల తరఫున అడగాల్సింది పాత మోటార్లు మార్చడానికి తక్కువ వడ్డీ అప్పు. దానికి నెలవారీ కరెంటు యూనిట్లు, ఆడించిన ధాన్యం టన్నులు ఒక కాగితం మీద జతచెయ్యి. లెక్క లేని అర్జీని ఎవరూ పట్టించుకోరు.

సంతకాలకి ముందు చిత్తు ప్రతి వాట్సాప్ చెయ్యి. ఒడియా కాపీ మీ అత్తయ్యకి పంపు, అందులో తప్పులు పట్టడం నాకంటే ఆవిడకే బాగా వచ్చు.

మీ మామయ్య