మూడు సర్వర్ల మీద ఒకే సైటు: మేనకోడలికి ఉత్తరం

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. కోచింగ్ సెంటర్ సైటులో పిల్లలు ఫొటో అప్‌లోడ్ చేస్తే కనబడుతోంది, రిఫ్రెష్ కొడితే మాయమవుతోంది, ఇంకోసారి కొడితే మళ్లీ వస్తోంది అన్నావు. మీ టీమ్ లీడర్ ఇది బ్రౌజర్ క్యాష్ (దాచుకున్న పాత కాపీ) వల్లే అంటున్నాడట. నాకు అలా అనిపించడం లేదు. ఒక సర్వర్ మీద నడిచే సైటును మూడింటి మీదికి తెచ్చారు, ముందు రిక్వెస్టులను వాటి మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ పెట్టారు. ఫొటో ఒక మెషిన్ మీద పడింది, తర్వాతి రిక్వెస్ట్ ఇంకో మెషిన్‌కు పోయింది, అక్కడ ఆ ఫైలు లేదు. మూడు మెషిన్లలోకీ లాగిన్ అయి ఆ ఫొటో పేరు వెతికితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. టెన్షన్ పడకు.

మీ దివిటిపల్లి ఆఫీసు మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: మూడింటినీ ఒకదానితో ఒకటి సింక్ చేద్దాం, ఎక్కడ మారినా అన్నిటికీ పోతుంది అని. దానికి మాత్రం ఒప్పుకోకు. మీ ఊరి పిల్లలమర్రి కింద నిలబడి ఏది తల్లి మానో, ఏది ఊడ దిగి మానైందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చెట్టుకు అది అందం, సర్వర్లకు అదే రోగం. ఒక ఫైలు మొదటి మెషిన్ మీద ఉంది, రెండో దాని మీద లేదు అనుకో. మొదటి దాని మీద కొత్తగా వచ్చిందా, రెండో దాని మీద ఎవరైనా తీసేశారా? రెండు డిస్కులు చూసినంత మాత్రాన ఆ సంగతి తెలియదు. పోయినసారి రెండూ ఎలా ఉన్నాయో రాసిపెట్టుకున్నవాడికే తెలుస్తుంది. యూనిసన్ లాంటి టూల్ అలా రాసిపెట్టుకుంటుంది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కు ఆ జ్ఞాపకం లేదు. దాన్ని అటొకసారి ఇటొకసారి నడిపితే తీసేసిన ఫైళ్లు మళ్లీ ప్రాణం పోసుకుని వస్తాయి. పంపే వైపు లేని ఫైళ్లను అందుకునే వైపు తీసేసే డిలీట్ ఆప్షన్ కూడా పెట్టారంటే అప్పుడే వచ్చిన ఫొటోలు పోతాయి. అందుకని ఏ రకం ఫైలుకు ఏ మెషిన్ అసలుదో ముందు కాగితం మీద రాసుకో, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దువు.

కోడ్ విషయం తేలిక. అది ఒక్క చోటు నుంచే బయలుదేరాలి, మూడు మెషిన్లూ తీసుకునేవే కావాలి. రాత్రి పూట ఎవరైనా రెండో సర్వర్‌లోకి దూరి ఒక లైను మార్చే అలవాటు ఉంటే ముందు దాన్ని మాన్పించు. ఈ పనికి ఆర్‌సింక్ చాలు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ చేసిన పాత టూలే, ఇప్పటికీ దాన్ని మించింది నాకు కనబడలేదు.

మామూలుగా అది ఫైలు లోపలికి తొంగిచూడదు. సైజూ, మార్చిన సమయమూ రెండు వైపులా ఒకటే అయితే వదిలేస్తుంది. కాబట్టి సమయాలు కాపాడే ఆర్కైవ్ ఆప్షన్ పెట్టకపోతే ప్రతిసారీ అన్ని ఫైళ్లనూ మళ్లీ తడుముతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్, ఫైలు మారిందో లేదో బ్రౌజర్‌కు తెలిపే ఈట్యాగ్ అనే గుర్తును ఫైలు సమయం, సైజుల నుంచే తయారు చేస్తుంది. మూడు మెషిన్ల మీద సమయాలు వేరైతే బ్రౌజర్ అదే లోగోను మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటుంది.

పాత్ చివర స్లాష్ దగ్గర కొత్తవాళ్లంతా తడబడతారు. సోర్స్ పేరు చివర స్లాష్ ఉంటే ఫోల్డర్‌లో ఉన్నవి పోతాయి, లేకపోతే ఫోల్డరే పోయి అవతల ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ అవుతుంది. ఇక డిలీట్ ఆప్షన్. రీబూట్ తర్వాత సోర్స్ డిస్క్ మౌంట్ కాలేదనుకో (సిస్టమ్‌కు తగులుకోలేదనుకో), ఆ ఫోల్డర్ ఖాళీగా కనబడుతుంది. ఆర్‌సింక్ దృష్టిలో అది తప్పు కాదు, అసలుది ఖాళీ అయింది కాబట్టి నకళ్లూ ఖాళీ కావాలి. మిగతా సర్వర్లను శుభ్రంగా ఊడ్చేస్తుంది. అందుకే మ్యాక్స్ డిలీట్ అనే ఆప్షన్‌తో ఒక హద్దు పెట్టు. ఫలానా ఫైలు సోర్స్‌లో ఉంటేనే మొదలుపెట్టమని స్క్రిప్ట్‌లో ఒక లైను రాయి. సింక్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లకు చెప్పాల్సింది కూడా ఇదే: పొరపాటున తీసేసిన ఫైలును సింక్ అన్ని చోట్లా తీసేస్తుంది.

ఆర్‌సింక్ ఒక్కో ఫైలును తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెడుతుంది కాబట్టి సగం ఫైలు ఎవరికీ కనబడదు. కానీ కొత్త పేజీ చేరి, దాని స్టైల్ ఫైలు ఇంకా దారిలో ఉండవచ్చు. రిలీజ్‌కో కొత్త ఫోల్డర్ చేసి, మూడు చోట్లా పూర్తిగా చేరాక సైటుకు ఏ ఫోల్డర్ వాడాలో చూపే సిమ్‌లింక్‌ను దానివైపు తిప్పితే ఆ గొడవ ఉండదు.

అసలు చిక్కు ఫొటోలది. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ నిమిషానికి ఒకసారికి మించి నడవదు. ఫైళ్లు మారితే ఆర్‌సింక్‌ను నడిపే ఎల్‌సింక్‌డి అయితే, మార్పులను తెలిపే లినక్స్ ఐనోటిఫై ద్వారా మార్పును వెంటనే పసిగడుతుంది, కానీ అది కూడా మార్పులను పోగుచేసి, మామూలు సెట్టింగ్‌లో 15 సెకన్లు ఆగి పంపుతుంది. ఆ సమయం తగ్గించుకోవచ్చు. అయినా పిల్లవాడు అప్‌లోడ్ కొట్టిన సెకనులోపే తర్వాతి పేజీ ఇంకో సర్వర్ నుంచి తెరుచుకుంటుంది. ఆ పరుగులో సింక్ గెలవదు. అందుకని అప్‌లోడ్లన్నీ మొదటి మెషిన్‌కే పంపమని లోడ్ బ్యాలెన్సర్‌కు చెప్పండి. మిగతా రెండూ ఫైలు తమ దగ్గర లేకపోతే 404 (ఫైలు లేదు) అనే జవాబు ఇవ్వకుండా మొదటిదాన్ని అడిగి తెచ్చి ఇచ్చేలా ఎన్‌జిన్‌ఎక్స్‌లో రాయండి. అప్పుడు సింక్ కొంచెం ఆలస్యమైనా ఎవరికీ తెలియదు. డబ్బులు పెడతామంటే ఫొటోలను ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు (అన్ని సర్వర్లూ నెట్‌వర్క్ మీద అందుకునే ఫైళ్ల గిడ్డంగికి) మార్చడం ఇంతకంటే మంచిది. ఒక మెషిన్ ఫోల్డర్‌ను అన్నీ నెట్‌వర్క్ మీద వాడుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా పనిచేస్తుంది, కాకపోతే ఆ ఒక్క మెషిన్ పడుకుంటే మూడు సర్వర్లూ దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

సెషన్లు (ఎవరు లాగిన్ అయి ఉన్నారన్న వివరాలు), లాగ్‌లు, క్యాష్, ఏ సర్వర్‌కు ఆ సర్వర్ కాన్ఫిగ్: ఇవేవీ సింక్‌లో పెట్టకు. సెషన్లకు మూడు సర్వర్లూ కలిసి వాడుకునేలా రెడిస్ డేటాబేస్ పెట్టుకోండి.

క్రాన్‌లో పెడితే ఒకేసారి ఒక్కటే నడిచేలా తాళం వేసే ఎఫ్‌లాక్ వాడు, లేకపోతే ఒకటి అయ్యేలోపు ఇంకోటి మొదలై ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎల్‌సింక్‌డి అయితే ఐనోటిఫై వాచ్‌ల పరిమితి చూడు, పాత కెర్నెళ్లలో అది 8,192 మాత్రమే, ప్రతి ఫోల్డర్‌కూ ఒకటి ఖర్చవుతుంది. సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీ రూట్‌ది (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌ది) ఇవ్వకు. ఆ కీతో ఆర్‌సింక్ తప్ప ఇంకేదీ నడవకుండా కట్టేయి.

సింక్ ఆగిపోయిన సంగతి ఫోన్లు మోగకముందే నీకు తెలియాలి. మొదటి మెషిన్ మీద నిమిషానికోసారి ఒక చిన్న ఫైలులో టైమ్ రాయించు. మిగతా రెండింటి మీద ఆ ఫైలు ఐదు నిమిషాల కంటే పాతదైతే నీకు మెసేజ్ రావాలి. ఇవన్నీ కుదరాలంటే మూడింటి గడియారాలూ సమయం సరిచేసే క్రోనీ టూల్‌తో సరిగ్గా ఉండాలి. రిపేరుకు పోయి వచ్చిన సర్వర్‌ను సింక్ పూర్తయ్యేదాకా లోడ్ బ్యాలెన్సర్ వెనక చేర్చవద్దని మీ వాళ్లకు గట్టిగా చెప్పు. తొందరలో అందరూ మర్చిపోయేది ఇదే.

స్క్రిప్ట్ రాశాక ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఏం చేస్తుందో మాత్రం చూపే ఆప్షన్) పెట్టి, వచ్చిన ఔట్‌పుట్ నాకు పంపు. డిలీట్ అని ఉన్న లైన్లు ఎన్నున్నాయో చూసి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా అసలు రన్ కొట్టకు.

ఇట్లు
మీ మామ
నల్లగొండ