హైడ్రా క్రేన్ సర్టిఫికెట్ ఉన్నా ఆడిట్‌లో ఎందుకు తప్పుపట్టారు: సమాధానం

హైడ్రాకు (లోడ్ ఎత్తి మోసుకెళ్లే మొబైల్ క్రేన్‌కు) పరీక్ష సర్టిఫికెట్ ఉంది, రోజూ చెక్‌లిస్ట్ రాస్తున్నాం, అయినా ఆడిట్‌లో రికార్డు పాతదన్నారెందుకని అడిగారు. మీ చెక్‌లిస్ట్‌లో తప్పేమీ లేదు. ఓర్వకల్లు సైట్‌లో రోజూ రాస్తున్నా రికార్డు పాతదని తేలిందంటే, చాలావరకు బండి మారింది, కాగితం మారలేదు. అద్దె హైడ్రా రిపేరుకు పోతే ఓనర్ అదే రంగుది ఇంకోటి పంపిస్తాడు. గేటు దగ్గర ఎవరూ పట్టించుకోరు.

1. ముందు సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని బండి దగ్గరకు పోండి. ఆఫీసులో కూర్చుని ఫొటోలు చూస్తే పనికాదు. బండికి కంపెనీ బిగించిన ప్లేటు మీద బురద తుడిచి, సీరియల్ నంబరు ఒక్కో అంకె చదివి పోల్చండి. అందరూ వదిలేసేది ఇదే. తాడిపత్రి దగ్గర మా సైట్‌లో ప్లేటు మీద పెయింటే కొట్టేశారు. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే గానీ నంబరు బయటపడలేదు, చివరి రెండంకెలు వేరే!

2. నంబరు కలవకపోతే బండి ఆపండి. దాని సొంత సర్టిఫికెట్ వచ్చాకే లోడ్ ఎత్తాలి. ఓనర్ రేపు ఇస్తానంటాడు, వినకండి.

3. లిఫ్టింగ్ యంత్రాలకు కాంపిటెంట్ పర్సన్ (పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే అర్హత ఉన్న నిపుణుడు) పరీక్ష కనీసం 12 నెలలకొకసారి. స్లింగులు (లోడ్‌కు చుట్టే తాళ్లు, బెల్టులు), షాకిళ్లకూ (వాటిని తగిలించే ఇనుప కొక్కేలకూ) అంతే. వాటికి విడిగా నంబర్లు వేయండి.

4. రిజిస్టర్ తేదీల వారీగా కాదు, బండికో పేజీ. పై లైన్‌లో సీరియల్ నంబరు, గడువు తేదీ. గడువుకు నెల ముందే ఫోన్‌లో అలారం.

5. లోపం రాసిన చోటే ఎవరు, ఎప్పుడు సరిచేశారో రాసి సంతకం తీసుకోండి.

జేసీబీలకైతే రోజూ అవర్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగ్ కూడా రాయండి, సర్వీసు దాని లెక్కనే వస్తుంది.