పిల్లలతో ఫ్రాన్స్ పల్లెల్లో ఆరు రోజులు

ప్రశ్న: జూలైలో పారిస్‌లో ఉండే మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాం. అక్కడి నుంచి కారు అద్దెకు తీసుకుని ఆరు రోజులు పల్లెల వైపు తిరగాలని ఉంది. లువార్ నది ఒడ్డు కోటలు, ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ, మోన్ సేన్ మిషెల్ అని లిస్టు రాసుకున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అందరం శాకాహారులం. ఈ ప్లాన్ కుదురుతుందా మేడమ్?

జవాబు: మీరు రాసుకున్నవన్నీ గొప్ప చోట్లే. కానీ ఒకే ప్రయాణంలో ఇరికించకండమ్మా. మోన్ సేన్ మిషెల్ పారిస్‌కి పడమటి వైపు సముద్రం ఒడ్డున ఉంది. లాస్కో దక్షిణాన దాదాపు 500 కిలోమీటర్లు. సగం రోజులు కారులోనే గడిచిపోతాయి, పాప ఏడుస్తుంటే మీకు టెన్షన్. పైగా లాస్కోలో అసలు గుహని 1963లోనే మూసేశారు. ఇప్పుడు చూపించేది నకలు. అద్భుతంగా చేశారు, కానీ పిల్లలు ఇంకాస్త పెద్దయ్యాక చూస్తే దాని విలువ తెలుస్తుంది.

నేను ఇద్దరు పిల్లల్ని ఈ దేశంలోనే పెంచాను. మావాళ్లకి గదుల వెంట గదులు తిరిగే కోటలకన్నా, ఎవరో ఏదో పని చేస్తూ కనిపించే చోట్లే నచ్చేవి. అందుకే మీకు పుయిజే ప్రాంతం చెప్తాను. పారిస్ నుంచి దక్షిణంగా కారులో రెండు గంటల పైచిలుకు. సేన్ ఫార్జో ఊరి చుట్టుపక్కల ఒక జీత్, అంటే వంటిల్లు ఉన్న పల్లె ఇల్లు, అద్దెకు తీసుకుని ఆరు రోజులూ అక్కడే ఉండండి.

అక్కడికి దగ్గర్లోనే గెద్లోన్ ఉంది. 1997లో మొదలుపెట్టి, పదమూడో శతాబ్దపు పద్ధతిలో ఒక కోటని కొత్తగా కడుతున్నారు. కరెంటు క్రేన్లు లేవు, సిమెంటు లేదు. పాత క్వారీలో రాయి కొడతారు, గుర్రపు బండి మీద తోలుకొస్తారు. పెద్ద చెక్క చక్రం లోపల మనుషులు నడుస్తుంటే ఆ బలంతో రాళ్లు పైకి లేస్తాయి. పాప అక్కణ్ణుంచి కదలదు చూడండి. కమ్మరి ఉలికి పదును పెట్టడం, మట్టి పెంకులు చేయడం, మొక్కల నుంచి తీసిన రంగులతో ఉన్ని అద్దడం, అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. పనివాళ్లు ఆగి ఓపిగ్గా జవాబులు చెప్తారు. బాబుకి ముడులు వేసిన కొలతాడు తప్పకుండా చూపించండి. పన్నెండు సమాన భాగాలున్న ఆ తాడుని మూడు, నాలుగు, ఐదు భాగాల త్రిభుజంగా లాగితే కచ్చితమైన లంబకోణం వస్తుంది. గోడల మూలలు దాంతోనే సరిచూస్తారు. రోజంతా దీనికే ఉంచండి. టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అత్తగారికి చేతికర్ర, పాపకి గట్టి బూట్లు కావాలి.

అత్తగారికి హాయిగా ఉండేది మాత్రం బ్రియార్ ఊరు. అక్కడ ఒక కాలువ, వంతెన ఎక్కి లువార్ నదిని దాటుతుంది! 1896లో తెరిచిన ఆ వంతెన పొడవు 662 మీటర్లు. కింద నది, పైన పడవలు. నడక దారి చదునుగా ఉంటుంది. దారిలో రోన్యి ఊళ్లో ఆగితే, ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ కాలంలో మొదలుపెట్టిన ఏడు లాకులు మెట్లలా కనిపిస్తాయి. ఇప్పుడు వాడుకలో లేవు. కాలువ గట్లకి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, పాప చెయ్యి వదలొద్దు.

తిండి గురించి దిగులు పడకండి, కానీ వేళలు గుర్తుపెట్టుకోండి. పల్లె హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. ఆదివారం మధ్యాహ్నం నుంచి, చాలాచోట్ల సోమవారం కూడా, దుకాణాలు మూసి ఉంటాయి. సరుకులు శనివారమే తెచ్చుకోండి. సలాడ్లో, కీష్‌లో (గుడ్లు, క్రీముతో కాల్చే ఒక వంటకం) పంది మాంసం ముక్కలు వేయడం ఇక్కడ మామూలు. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్" అంటే మాంసం, చేప లేకుండా అని అర్థమవుతుంది. చీజ్‌తో చేసే గాలెట్, అంటే మన అట్టులాంటిది, దొరికితే బాగుంటుంది, అయితే గుడ్డు వేయొద్దని చెప్పాలి మీరు తినకపోతే. నేనైతే సంతలో పళ్లు, టమోటాలు, బేకరీలో రొట్టె కొనుక్కుని చెట్టు కిందే కూర్చుంటాను.

పదేళ్లలోపు పిల్లలకి కారులో వాళ్ల వయసుకి తగ్గ సీటు తప్పనిసరి. కారు బుక్ చేసేటప్పుడే ఇద్దరికీ అడగండి. సైకిల్ ఎక్కితే పన్నెండేళ్లలోపు వాళ్లకి హెల్మెట్ కూడా చట్టమే. గడ్డిలో ఆడి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడండి, ఇక్కడ గోమార్లు, అంటే ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు, పడతాయి. నీళ్లలో ఆడతామంటే, లైఫ్‌గార్డు ఉండే సరస్సు తీరానికే తీసుకెళ్లండి. లువార్ పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా అడుగున ఇసుక జారిపోతుంది, సుడులుంటాయి. అందులో మోకాలి లోతుకి కూడా దింపొద్దు.