అమ్మలూ, ఆ పసుపు లైటు చెరిపించేముందు ఇది చదువు

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కారులో ఇంజిన్ బొమ్మ లైటు వచ్చింది, మెకానిక్ దాన్ని ఆర్పేశాడు, నాలుగో రోజు మళ్లీ వచ్చింది, ఇంకొకాయన ఆక్సిజన్ సెన్సర్ (సైలెన్సర్ దారిలో పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్చాడు, వారం బాగుంది, మళ్లీ వచ్చింది, బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. ఇంత రాశావు గానీ అసలు రాయాల్సింది రాయలేదు. ఇంజిన్ కంప్యూటర్ తప్పు పట్టినప్పుడు దాచుకునే కోడ్ నంబరు ఎంత? ఇద్దరూ ఆ కోడ్ చదివే స్కానర్ పెట్టి చూశారంటున్నావు, ఒక్కరినైనా ఆ నంబరేదో కాగితం మీద రాసిమ్మని అడగలేదా?

తిట్టడానికి కాదులే. నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను, ఆ సంగతి కాసేపట్లో చెప్తా.

ముందు లైటు తీరు చూడు. ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా పోతుంటే టెన్షన్ పడక్కర్లేదు, నాలుగు రోజుల్లో తీరిగ్గా చూసుకోవచ్చు. అదే లైటు టకటకా ఆరుతూ వెలుగుతోందంటే మాత్రం యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, మెల్లగా పక్కకి తీసుకుపో. ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండకుండా సైలెన్సర్ దారి పడుతోందన్నమాట. అది వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా) మండి దాన్ని మాడ్చేస్తుంది, అప్పుడు చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. ఇక ఎర్ర లైట్లు, ఆయిల్ క్యాన్ బొమ్మ గానీ థర్మామీటర్ బొమ్మ గానీ వెలిగితే, ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. అక్కడే ఆపి ఇంజిన్ కట్టెయ్యి.

నీది నిలకడగా వెలిగే పసుపు లైటే కాబట్టి మనకి టైముంది. ఒక స్కానర్ కొనుక్కో. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్నది చాలు. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర చెయ్యి పెట్టి తడిమితే పదహారు పిన్నుల సాకెట్ ఒకటి తగులుతుంది, దాన్నే ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడల్ నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి తప్పనిసరి చేశారు. నీ బండి పదిహేనేళ్లదేగా, దానికీ ఉండే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. కోడ్ అంటే ఏ పార్టు పోయిందో చెప్పే చీటీ కాదు. ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం లాంటిది, అంతే. కడుపునొప్పి అన్నంత మాత్రాన కడుపు మార్చరు కదా. పీ 0171 వచ్చిందనుకో, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతున్నట్టు కంప్యూటర్‌కి అనిపించిందని అర్థం. మెకానిక్‌లు లీన్ అంటారే, అదే. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలామంది ముందు దాన్నే మార్చేస్తారు. నిజం చెప్పినవాడిని ఉద్యోగంలోంచి తీసేసినట్టు!

నేను ఆ పని రెండుసార్లు చేశాను. నా పాత బండికి ఇదే కోడ్. ఒక సెన్సర్ మార్చి, కోడ్ చెరిపి, ఐదు రోజులు సంబరపడ్డాను. లైటు వచ్చింది. కొత్త సెన్సరే డొల్లదేమో అనుకుని ఇంకోటి వేశాను. మళ్లీ వచ్చింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పెట్రోల్ ఫిల్టర్ కూడా మార్చాను. ఆఖరికి ఒక ఆదివారం ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులుపుదామని విప్పినప్పుడు, ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం చేతికొచ్చింది. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది చూడు, అది. ఊరికే చూస్తే నల్లగా నున్నగా బ్రహ్మాండంగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని వంచాను. మూడో మడత అడుగున నోరు తెరిచింది, బొటనవేలంత చీలిక. వదిలేస్తే మళ్లీ మూసుకుపోయింది, ఎక్కడుందో కనపడలేదు. బండి ఆగి ఉన్నప్పుడు మూసుకునే ఉండేది, యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ అటూ ఇటూ ఊగినప్పుడల్లా తెరుచుకునేది. గాలిని కొలిచే సెన్సర్ ఆ చీలికకి ముందే ఉంది కదా, దాని లెక్కలోకి రాని గాలి దొడ్డిదారిన లోపలికి పోయేది. పాపం ఆ పాత సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెప్తోంది.

దీనికి ఇన్నాళ్లు పట్టడానికి కారణం నా తెలివితక్కువే. లైటు రాగానే కోడ్ చెరిపేయడం. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం, ఎంత లోడు, బండి ఎంత స్పీడులో ఉంది, ఇవన్నీ కంప్యూటర్ ఒక ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది స్కానర్ యాప్‌లో. చెరిపేస్తే అది కూడా పోతుంది. బ్యాటరీ వైరు పీకి పది నిమిషాలు ఆగి తగిలించినా చాలా బండ్లలో అంతే. పైగా చాలా కోడ్లకి వరుసగా రెండు ట్రిప్పుల్లో తప్పు కనపడితే గానీ లైటు వెలగదు. అందుకే చెరిపిన తర్వాత రెండు మూడు రోజులు లైటు రాలేదంటే బాగైపోయినట్టు కాదు, దానికింకా అనుమానం తీరలేదని. నీ మొదటి మెకానిక్ చేసింది ఇదే అయ్యుంటుంది.

కాబట్టి ముందు కోడ్, తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్, రెండూ ఫోన్‌లో ఫొటో తీసుకో. ఆ తర్వాత ఒక చిన్న పుస్తకం బండిలో పెట్టుకుని లైటు ఎప్పుడొచ్చిందో రాయి. నవ్వకు, స్కానర్ చెప్పనివి ఈ పుస్తకం చెప్తుంది. పెట్రోలు పోయించిన మర్నాడో ఆ మర్నాడో వస్తోందంటే ట్యాంకు మూత సరిగ్గా పడట్లేదేమో, దాని రబ్బరు వాషర్ పగిలిందేమో చూడు (మూత బిగించగానే లైటు పోదు, కొన్ని ట్రిప్పులు తిరిగాక దానంతటదే ఆరుతుంది). వాన పడ్డప్పుడే వస్తోందంటే ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్, ప్లగ్గు వైర్లు చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో వచ్చి వేడెక్కాక ఇంజిన్ కుదురుకుంటోందంటే ఎక్కడో రబ్బరు గట్టిపడి గాలి పీలుస్తోందని నా అనుమానం.

లీన్ కోడే అయితే యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, అది చూడు. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. అటూ ఇటూ పది లోపల ఉంటే మామూలుగా పట్టించుకోను. ఇంజిన్ వేడెక్కాక, బండి ఆపి ఉంచి చూస్తే ఇరవై దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే తగ్గిపోతోందనుకో, త్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) తర్వాత ఎక్కడో గాలి లీకు, సన్న వ్యాక్యూమ్ గొట్టాలు చూసుకోవాలి. ఆపి ఉంచినప్పుడు బాగుండి, బరువు మీద లాగేటప్పుడు పెరుగుతోందంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇందాక చెప్పిన గాలి కొలిచేది), లేదా నాకు దొరికినలాంటి చీలిక. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతికేవాళ్లుంటారు, అది అంటుకునే సరుకు, నువ్వు ఆ జోలికి పోవద్దు. పొగ పెట్టి చూసే మెషిన్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్లు.

ఒకదానికొకటి సంబంధం లేని కోడ్లు మూడు నాలుగు ఒకేసారి వస్తే ఏ సెన్సర్నీ అనుమానించకు, ముందు బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన బండికి మల్టీమీటర్‌తో 12.6 వోల్టులు అటూ ఇటూ రావాలి, ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 14. అది బాగుంటే మైనస్ టెర్మినల్ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్లే లావు ఎర్త్ వైరు బోల్టు విప్పి చూడు, కింద తుప్పు ఉంటే గీకి శుభ్రం చేసి బిగించు. పాత బండ్లలో సగం దయ్యాలు అక్కడే కాపురముంటాయి. బోనెట్ తెరిచినప్పుడు ఎలుకలు కొరికిన వైర్లున్నాయేమో కూడా ఓ కన్నెయ్యి.

మిస్‌ఫైర్ కోడ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదని చెప్పేది, అయితే ఇంకా తేలిక. పీ 0302 అంటే రెండో సిలిండర్. ప్లగ్గు మీద కూర్చునే కాయిల్ ఒక్కోదానికి వేరుగా ఉంటే, ఇంజిన్ ఆపి చల్లారాక రెండోదాన్ని మూడోదానితో మార్చి పెట్టు. కోడ్ పీ 0303కి మారిందా, కాయిలే దొంగ. మారలేదా, ప్లగ్గు, ఇంజెక్టర్ వైపు చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష.

పీ 0420, అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్‌కి అనిపించిన కోడ్, చూసి ఎవరైనా దాన్ని మార్చాలంటే వెంటనే సరేననకు. సైలెన్సర్ గొట్టంలో లీకుందేమో, ఇంజిన్ మిస్ అవుతోందేమో ముందు చూడమను. కన్వర్టర్ నిజంగా పోయినా, ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "లైటు తీసెయ్యండి" అని మాత్రం అనకు, ఆయన లైటే తీసేస్తాడు. "ఈ కోడ్ ఎందుకు పడుతోందో చూడండి, పార్టు మార్చేముందు అదే పోయిందని ఎలా తెలిసిందో చెప్పండి" అను. చెప్పలేకపోతే బండి వెనక్కి తిప్పు. మార్చిన పాత పార్టు అడిగి తెచ్చుకో. ఆ తీసేసిన ఆక్సిజన్ సెన్సర్ కూడా పారెయ్యనివ్వకు, బహుశా అది శుభ్రంగానే ఉండి ఉంటుంది.

ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగానే ఆ మడతల గొట్టం వంచి చూడు, మడతల్లో టార్చి వేసి మరీ చూడు. నంబరూ, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో పంపాకే ఫోన్ చెయ్యి, లేకపోతే ఎత్తను.

పెదనాన్న