కుక్కపిల్ల ఇల్లు తడుపుతోందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వీధిలో పుట్టిన ఊరకుక్క పిల్లని వారం క్రితం తెచ్చి పెంచుకుంటున్నాం. రెండు నెలలుంటాయి. పెరట్లోకి తీసుకెళ్ళి అరగంట నిలబడ్డా ఆడుకుంటుందే తప్ప ఏమీ చెయ్యదు. లోపలికి తెచ్చిన మరుక్షణం గుమ్మం దగ్గరి గోనెపట్టా మీద పోసేస్తుంది. పొగరు అంటున్నారు మావారు. మూతి అందులో రుద్దితే బుద్ధొస్తుందంటారు మా అత్తగారు. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: పొగరు కాదమ్మా, దయచేసి మూతి రుద్దనివ్వకండి. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు పడే శిక్షని ఆ వయసు పిల్ల ముడిపెట్టుకోలేదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే, మనుషుల కళ్ళముందు పోస్తే ప్రమాదం అని. ఆ తర్వాత పెరట్లో మీరు పక్కన ఉన్నా పోయదు. బీరువా వెనక, మంచం కింద వెతుక్కుంటుంది.

గోనెపట్టా సంగతి ముందు చూద్దాం. ఎనిమిది తొమ్మిది వారాల వయసులో కుక్కపిల్ల పాదాల కింద తగిలే స్పర్శని బట్టి చోటు ఎంచుకోవడం మొదలుపెడుతుంది. మీ పిల్లకి గోనె స్పర్శ అలవాటైనట్టుంది. కాబట్టి ఇంట్లో ఉన్న గోనెపట్టాలు, కాళ్ళు తుడుచుకునే గుడ్డలు ఒక నెల పాటు ఎత్తేయండి. అది తడిపిన పట్టాని మాత్రం ఉతక్కుండా పెరట్లో మీరనుకున్న మూల పరవండి. అక్కడ పోయడం అలవాటయ్యాక రెండు మూడు రోజులకోసారి పట్టాని కొంచెం కొంచెం కత్తిరించి చిన్నది చేస్తూ పొండి. చివరికి మట్టి మిగులుతుంది.

ఇక వేళలు. నిద్ర లేచిన వెంటనే, తిన్న 10 నుంచి 20 నిమిషాల్లో, ఆట ఆగగానే, పడుకునే ముందు తప్పకుండా తీసుకెళ్ళాలి. వీటి మధ్య మెలకువగా ఉన్నంతసేపూ 45 నిమిషాలకోసారి. రెండు నెలల పిల్ల పగలు మహా అయితే రెండు గంటలు ఆపుకోగలదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక క్షణాల్లో పోసేస్తుందని లెక్క.

పెరట్లోకి వదిలేయకండి. నాలుగైదు అడుగుల తాడు కట్టి, ఆ మూలే నిలబడి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు చూడండి. చెయ్యకపోతే లోపలికి తీసుకురండి, కానీ నేల మీద వదలొద్దు. ఒళ్ళో ఉంచుకోండి, లేదా తాడు మీ దగ్గరే పెట్టుకుని కాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. పది పదిహేను నిమిషాలాగి మళ్ళీ అదే మూలకి. చాలా ఇళ్ళలో దెబ్బతినేది ఈ పదిహేను నిమిషాల దగ్గరే: బయట చెయ్యలేదు కదా అని లోపల వదిలేస్తారు.

చేసిందనుకోండి, పూర్తయ్యేదాకా నోరు మెదపకండి. మధ్యలో ‘శభాష్’ అంటే సగంలో ఆపేసి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, మిగతా సగం గదిలో పడుతుంది. పూర్తయిన రెండు క్షణాల్లో శనగగింజంత ఉడికించిన కోడిమాంసమో గుడ్డు ముక్కో నోట్లో పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికి రావడానికే బహుమతి అనుకుంటుంది. ఆ తర్వాత కాసేపు అక్కడే ఆడనివ్వండి. పని కాగానే లోపలికి లాక్కొస్తే, ఆట ముగిసిపోతుందని ఆపుకోవడం నేర్చుకుంటుంది.

ఇంట్లో పోస్తూ ఉండగా కంటపడితే అరవకుండా ఎత్తుకుని పెరటి మూలకి తీసుకెళ్ళండి. పోసి వెళ్ళిపోయాక చూస్తే తుడవడమే మీ పని.

ప్రశ్న: మా ముందు గది గచ్చు, వంటిల్లు పేడతో అలికిన మట్టి నేల. ఎన్నిసార్లు ఫినాయిల్ వేసి కడిగినా కుక్కపిల్ల మళ్ళీ అక్కడే పోస్తోంది.
– గుణుపూర్ పాఠకుడు

జవాబు: ఫినాయిల్ మన ముక్కుకి వాసన కప్పేస్తుంది, కుక్క ముక్కుకి కాదు. పైగా తడి ఆరని ఫినాయిల్ మీద నడిచి కాళ్ళు నాకితే పిల్లకి హాని, నల్ల ఫినాయిల్ మరీ. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, వాటి వాసన మూత్రానికి దగ్గరగా ఉంటుంది.

గచ్చు మీద ముందు పొడిగుడ్డ అద్ది తడి పీల్చేయండి, రుద్దితే పరుచుకుంటుంది. మంచినీళ్ళతో కడిగి, గ్లాసు వెనిగర్‌కి గ్లాసు నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు ఉంచి తుడవండి. ఆరాక వంటసోడా చల్లి పొద్దున్న ఊడ్చేయండి. నాపరాయి, పాలరాయి మీద వెనిగర్ వెయ్యొద్దు, రాయిని తినేస్తుంది. వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. దుకాణంలో పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ దొరికితే అదే మేలు. అయితే ఫినాయిల్ వేసిన చోట అది సరిగా పనిచెయ్యదు. నీళ్ళతో బాగా కడిగాకే వాడండి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచండి.

మట్టి నేలకి ఇవేవీ పనికిరావు, మూత్రం లోపలికి ఇంకిపోతుంది. పైపైన మళ్ళీ అలికితే వాసన కింద అలాగే ఉంటుంది. తడి ఎంత లోతుకి దిగిందో అంతవరకూ చెక్కి తీసి, దూరంగా పారబోసి, కొత్త మట్టి మెత్తి, బాగా ఆరాక అలకండి. తర్వాత కుక్కపిల్ల అన్నం గిన్నె అక్కడే పెట్టండి. తినే చోటు పాడుచెయ్యడానికి చాలా కుక్కలు ఇష్టపడవు.

ప్రశ్న: మాది బరంపురంలో రెండో అంతస్తు ఫ్లాట్. టీకాలు పూర్తయ్యేదాకా కింద నేల మీద దించొద్దన్నారు డాక్టరు. కాగితాల మీద అలవాటు చెయ్యమంటారా?

జవాబు: డాక్టరు గారి మాట వినండి. కుక్కపిల్లలకి ప్రాణం మీదికి తెచ్చే వాంతులు, విరేచనాలు కలిగించే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మొదటి టీకా 6–8 వారాల వయసులో, తర్వాత 3–4 వారాల ఎడంతో 16 వారాలు నిండేదాకా, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. అప్పటిదాకా చంకనెత్తుకుని వీధి చూపించవచ్చు, చూపించాలి కూడా.

కాగితాలకంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ట్రేలో కుక్కలు తిరగని చోటి మట్టి గానీ గడ్డి గానీ పరిచి బాల్కనీలో పెట్టడం మంచిదని మా అభిప్రాయం. కాగితం అలవాటైన పిల్ల సోఫా పక్కన పడేసిన పేపరునీ వదలదు. మట్టి అలవాటైన పిల్లని వీధికి మార్చడం సులువు. ట్రే మీద వానజల్లు పడకుండా చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం బాల్కనీ టైల్స్ మీద చెయ్యి పెట్టి చూడండి, మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. చివరి టీకా తర్వాత డాక్టరు సరేనన్నాక, ట్రేలోని తడిమట్టి గుప్పెడు కవర్లో తీసుకెళ్ళి కింద ఎంచుకున్న చోట చల్లండి.

ప్రశ్న: ఇంట్లో మేం తెలుగు, పనికి వచ్చే ఆవిడ ఒడియా. కుక్కపిల్ల తికమక పడుతుందా? రాత్రి రెండుసార్లు లేచి ఏడుస్తోంది కూడా.
– జయపురం

జవాబు: భాష ఏదైనా ఫరవాలేదు, ఒక పనికి ఒకటే శబ్దం ఉండాలి. మీరు ‘రా’ అని, ఆవిడ ‘ఆ’ అని పిలిస్తే పిల్లకి అవి రెండు వేర్వేరు పిలుపులు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకటి ఖాయం చేసుకోండి. మూత్రానికి ‘ఒంటికి’ అనే మాట బాగుంటుంది, మామూలు మాటల్లో కుక్కతో ఎవరూ అనరు కాబట్టి. మొదటి రెండు వారాలు అది పోస్తున్నప్పుడే మెల్లగా అనండి. ఆ తర్వాతే ముందుగా అనడం. మొదటిరోజు నుంచే ముందు అంటూ పోతే ఆ మాట ఉత్త చప్పుడై పోతుంది.

రాత్రి ఏడింటికి అన్నం, పడుకునే ముందు పదిన్నరకి బయటికి. నీళ్ళు పగలంతా అందుబాటులో ఉండాలి, నిద్రకి గంటన్నర ముందు గిన్నె తీస్తే చాలు. ఏడుపు కోసం ఎదురు చూడకుండా రెండింటికి అలారం పెట్టుకుని మీరే లేపండి. దీపాలు, ఆటలు, ముద్దులు వద్దు: ఒంటికి, పడక. మూడు రోజులకోసారి అలారం పావుగంట ఆలస్యంగా మోగేలా పెట్టండి. నాలుగు నెలలకి చాలా పిల్లలు ఆరు గంటలు నిద్రపోతాయి. మీ కొరాపుట్ కొండల చలికాలంలో వట్టి నేల మీద పడుకోబెడితే చలికే లేస్తుంది, కింద మందపాటి దుప్పటి వెయ్యండి.

ఆవుపాలు పోస్తుంటే మానేయండి. అరగక విరేచనం పలచబడితే పెద్ద కుక్కకీ ఆపుకోవడం కష్టం. మూడు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు ఒకే వేళకి తిండి పెట్టి, పదిహేను నిమిషాలకి గిన్నె ఎత్తేయండి. తినే వేళ కుదిరితే రెంటికి వెళ్ళే వేళ కుదురుతుంది.

ప్రశ్న: మాది ఐదు నెలల ఆడ కుక్కపిల్ల. అంతా నేర్చుకుంది. మూడు రోజులుగా ఇంటినిండా చుక్కలు చుక్కలుగా పోస్తోంది.
– రాయగడ

జవాబు: ఇది శిక్షణ సంగతి కాదు. మాటిమాటికీ కూర్చుని కొంచెమే పోస్తుంటే మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ అయ్యుండవచ్చు. ఇవాళే పశువైద్యుడికి చూపించండి. వీలైతే శుభ్రమైన సీసాలో అప్పుడే పోసిన మూత్రం పట్టుకెళ్ళండి. నీళ్ళు తగ్గించొద్దు. రక్తం కనిపించినా, ముక్కుతున్నా చుక్క రాకపోయినా రాత్రయినా ఆగొద్దు. మీరు ఇంటికి రాగానే మాత్రమే చెవులు వెనక్కి వాల్చి, ఒదిగి పోస్తుంటే అది రోగం కాదు, భయభక్తి. అప్పుడు మీద వంగకుండా పక్కకి తిరిగి కింద కూర్చోండి, దానంతటది వచ్చాక గడ్డం కింద నిమరండి.